బొగ్గు అమ్మితే నష్టం ఎక్కడ వస్తుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మాట్లాడినవాళ్ళంతా బడి ముచ్చట్లు చెప్పారు. విని చాలా నవ్వుకున్నాం. నాకు మాత్రం కార్యదర్శి అన్న వేరే పని అప్పజెప్పాడు. "నువ్వు ముప్పై ఏళ్ళు బొగ్గుతో బతికినవాడివి. మన దామరచర్ల దగ్గర అంత పెద్ద కరెంటు ప్లాంటు వచ్చింది. సింగరేణికి లాభాలంటారు, మళ్ళీ డబ్బు లేదంటారు. ఆ లెక్కేమిటో మాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నాడు. లెక్కల సారు ముందు వరసలోనే కూర్చున్నారు కాబట్టి అంకెలు జాగ్రత్తగానే చెబుతాను.

ముందే ఒక మాట. నేను గనిలో పనిచేసినవాణ్ణి కాదు. మెకానికల్ ఇంజనీరుగా థర్మల్ కేంద్రాల్లో బొగ్గు దించుకునే వైపు పనిచేశాను. వచ్చిన వ్యాగన్లు తూయించడం, నమూనా తీయించడం, బిల్లులో రాసిన సరుకుకూ దిగిన సరుకుకూ తేడా తేల్చడం నా పని. అంటే కొనేవాడి పక్షాన కూర్చుని అమ్మేవాడి లెక్క చూసినవాణ్ణి. కాబట్టి నా మాటల్లో కొంత కొనేవాడి గొణుగుడు కూడా వినిపిస్తే మన్నించండి.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్ళకు బొగ్గు అమ్మకం గురించి చెప్పడం తేలిక. మనమంతా వడ్లు అమ్మినవాళ్ళం, కాకపోతే వడ్లు అమ్మిన ఇళ్ళల్లో పుట్టినవాళ్ళం. సూర్యాపేట మార్కెట్ యార్డులో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పంట బాగానే పండుతుంది. కాంటా దగ్గరికి పోయేసరికి తేమ 17 శాతం దాటిందంటారు. తాలు ఉందంటారు, మట్టిపెళ్ళలు ఉన్నాయంటారు. బస్తాకు ఇంత తరుగు తీస్తారు. హమాలీ, లారీ కిరాయి, గన్నీ సంచులు ఉండనే ఉన్నాయి. అన్నీ అయ్యాక డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు. ఈలోపు తెచ్చిన అప్పు మీద మిత్తి నడుస్తూనే ఉంటుంది. పొలంలో పోయినదానికంటే అమ్మకంలో పోయిందే ఎక్కువని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

బొగ్గుదీ ఇదే కథ. నేను చూసినంతవరకు బొగ్గు కంపెనీ నష్టంలో పెద్ద భాగం బాయి లోపల పుట్టదు. బొగ్గు బయటపడి, తూకమై, రైలెక్కి, దాని డబ్బు చేతికొచ్చే దాకా ఉన్న దారిలో పుడుతుంది. కానీ నష్టం వచ్చిందనగానే అందరి వేళ్ళూ బాయిలోకి దిగే మనిషి వైపే తిరుగుతాయి.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరుతో ఇప్పటి సంస్థ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొనేసింది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక్క బొగ్గు గని కూడా లేకపోయినా, పక్కనే ఉన్న ఖమ్మం దాటితే ఇల్లందు, కొత్తగూడెం. మన ఊళ్ళ నుంచి అటు పోయి మస్టరు పడినవాళ్ళ కుటుంబాలు ఈ సభలో కూడా ఉండే ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. మా బ్యాచ్ వాళ్ళు చదువులు ముగించి ఉద్యోగాలకు తిరుగుతున్న రోజుల్లో, అంటే 1990ల మొదట్లో, సింగరేణి మూతపడుతుందనే మాట బాగా నడిచింది. నష్టాలతో మునిగిన కంపెనీలు పోయే చోటు ఒకటుండేది, బీఐఎఫ్ఆర్ అని. సింగరేణి 1992లో ఒకసారి, 1996లో రెండోసారి ఆ గడప తొక్కింది. పేరుకుపోయిన నష్టం 1,200 కోట్ల రూపాయలు దాటింది. ఆ రోజుల్లో 1,200 కోట్లంటే చిన్న సంగతి కాదు.

కారణమేమిటని అడిగితే ఒక్కటే జవాబు వచ్చేది: సమ్మెలు. అందులో నిజం లేకపోలేదు. ఏడాదికి వందల కొద్దీ చిన్నా పెద్దా సమ్మెలు జరిగేవి. ఒక బాయిలో ఒక షిఫ్టు వాళ్ళు కూర్చున్నా అది సమ్మె కిందికే వచ్చేది. లక్ష మంది దాటి కార్మికులు, వాళ్ళకు లెక్కలేనన్ని సంఘాలు. అప్పుల మీద వడ్డీ ఒక పక్క. ఇవన్నీ ఉన్నాయి.

అయితే ఎవరూ గట్టిగా చెప్పని ఇంకో సంగతి ఉంది. ఆ బొగ్గుకు ధర పెట్టే హక్కు సింగరేణికి లేదు. 1945 నాటి కాలరీ కంట్రోల్ ఆర్డరు కింద ధర ఢిల్లీలో నిర్ణయమయ్యేది. జీతాల ఒప్పందాలు జాతీయ స్థాయిలో జరిగేవి, డీజిల్, ఉక్కు, పేలుడు సామగ్రి ధరలు బజారుతో పాటు పెరిగేవి, బొగ్గు ధర మాత్రం ఎప్పుడో సవరించేవాళ్ళు. కరెంటు, రైలు, ఎరువులు చౌకగా ఉండాలంటే బొగ్గు చౌకగా ఉండాలన్నది విధానం. విధానం మంచిదో కాదో వేరే చర్చ. కానీ ఆ చౌకదనం ఖర్చు ఎవరో ఒకరి పద్దులో పడాలి కదా! అది బొగ్గు కంపెనీ పద్దులో నష్టం అన్న పేరుతో పడింది. బెంగాల్లోని ఈసీఎల్, ధన్‌బాద్‌లోని బీసీసీఎల్ కూడా అదే రోజుల్లో అదే బాట పట్టాయి. తెలుగు కార్మికుల సమ్మెల వల్ల ధన్‌బాద్‌లో నష్టం రాదు గదా.

1996 మార్చిలో మేలు రకం బొగ్గు మీద ధరల నియంత్రణ ఎత్తేశారు. 1997లో డీ గ్రేడు మీద ఎత్తేశారు. ఆ కింది గ్రేడ్లకు ఆరు నెలలకొకసారి ఖర్చుల సూత్రం ప్రకారం ధర సవరించుకోనిచ్చారు. 2000 జనవరి 1 నుంచి పూర్తిగా తీసేశారు. సింగరేణి 1997-98 నుంచి లాభాల్లోకి వచ్చింది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. యాజమాన్యం గని గనికీ పోయి కార్మికులతో మాట్లాడింది, కేంద్రం వడ్డీల విషయంలో ఊరట ఇచ్చింది, 1998లో రహస్య ఓటింగుతో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టారు, సమ్మెలు తగ్గాయి. వీటన్నిటి గొప్పతనం వాటిదే. కానీ ధర కదలకపోయి ఉంటే ఇవన్నీ కలిసినా కంపెనీ గట్టెక్కేదని నేననుకోను.

ఇక ఒక టన్ను బొగ్గు లెక్క చూద్దాం. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మీద ఉన్న మట్టి, రాయి ముందు తీయాలి. దాన్ని ఓబీ అంటారు. సింగరేణిలో ఒక టన్ను బొగ్గు కోసం ఆరు ఘనపు మీటర్ల దాకా ఓబీ తీయాల్సి వస్తోంది. బొగ్గు వ్యాపారమంటే చాలా వరకు మట్టి మోసే వ్యాపారమే. ఆ మట్టిని ఎవరూ కొనరు. తర్వాత బొగ్గు పగలగొట్టి, టిప్పర్లలో సైడింగుకు చేర్చి, రేక్‌లో నింపాలి. దీనికి క్రషింగ్ చార్జీ అని, రవాణా చార్జీ అని బిల్లులో విడివిడిగా కనపడతాయి.

అమ్మకపు ధర టన్నుకు 4,000 రూపాయలనుకుందాం, లెక్క కోసం. దాని మీద రాయల్టీ 14 శాతం, 560 రూపాయలు. ఆ రాయల్టీలో 30 శాతం జిల్లా ఖనిజ నిధికి, 168 రూపాయలు. అంటే 4,728 అయింది. 2017 జూలై నుంచి దీని మీద 5 శాతం జీఎస్టీ, పైన టన్నుకు 400 రూపాయల పరిహార సెస్ ఉండేది. రెండూ కలిపితే 636. 2025 సెప్టెంబరులో సెస్ తీసేసి జీఎస్టీ 18 శాతం చేశారు. ఇప్పుడు 851. అదే 2,000 రూపాయల నాసిరకం బొగ్గయితే పాత పద్ధతిలో 518 అయ్యేది, కొత్త పద్ధతిలో 425 చాలు. అంటే చౌక బొగ్గుకు పన్ను తగ్గింది, ఖరీదైన బొగ్గుకు పెరిగింది. ఒకే గ్రేడుకు కోల్ ఇండియా ధర కంటే సింగరేణి ధర ఎక్కువ. కాబట్టి ఈ మార్పు మనవైపు బొగ్గుకు అంత అనుకూలం కాదు. సిమెంటు కంపెనీ ఈ పన్నును తన పన్నులో సర్దుకుంటుంది. కరెంటు జీఎస్టీలో లేదు కనుక కరెంటు కేంద్రానికి ఆ వెసులుబాటు లేదు. అది నేరుగా యూనిట్ ధరలోకి వస్తుంది.

తర్వాత గ్రేడు. నా ఉద్యోగంలో సగం జీవితం దీని దగ్గరే గడిచింది. ఇప్పుడు బొగ్గులో ఉన్న వేడిని బట్టి జీ1 నుంచి జీ17 దాకా పదిహేడు గ్రేడ్లు. 2012కు ముందు ఇంకో సూత్రం ఉండేది. బూడిద శాతం, తేమ శాతం కలిపి 138తో గుణించి, 8,900 నుంచి తీసేయాలి. సారు కోసం ఒక లెక్క చేస్తాను. బూడిద 35, తేమ 7 అయితే మొత్తం 42. గుణిస్తే 5,796. తీసేస్తే 3,104, అంటే ఎఫ్ గ్రేడు. అదే వాన తగలకుండా తేమ 5 దగ్గర ఆగితే మొత్తం 40, జవాబు 3,380, అంటే ఈ గ్రేడు. రెండు శాతం తేమకు ఒక గ్రేడు పోయింది. వర్షాకాలంలో కుప్ప మీద టార్పాలిన్ కప్పాలా వద్దా అన్నది లక్షల రూపాయల ప్రశ్న అయ్యేది. కల్లంలో వడ్ల మీద పట్టా కప్పుకున్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పటి పద్ధతిలో ఒక్కో గ్రేడుకు మధ్య 300 కిలోకేలరీల తేడా. రేక్ అంటే దాదాపు 4,000 టన్నులు. దాంట్లోంచి చాలా చోట్ల నమూనా తీసి, దంచి, పంచి, మళ్ళీ దంచి, పంచి, చివరికి 0.212 మిల్లీమీటరు జల్లెడలో దిగే పొడి చేస్తారు. అందులోంచి సుమారు ఒక్క గ్రాము బాంబ్ కేలరీమీటరులో కాలుస్తారు. ఆ ఒక్క గ్రాము మాటే 4,000 టన్నులకు ధర. అమ్మేవాడు తన దగ్గర జీ10 అంటాడు, కొనేవాడు తన దగ్గర జీ12 అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. రాయి ముక్క నమూనాలో పడిందా లేదా అన్నదే చాలు. ఈ తగవులు తీర్చడానికి మూడో పక్షంగా సింఫర్ లాంటి ప్రభుత్వ సంస్థ చేత నమూనా తీయించడం మొదలుపెట్టారు. తగవులు తగ్గాయి కానీ ఆగలేదు. నేను పనిచేసిన ఒక చోట గ్రేడు తేడా బిల్లు ఒకటి నాలుగేళ్ళు ఫైళ్ళలో తిరిగింది. అప్పటికి ఆ బొగ్గు కాలి, బూడిదై, ఆ బూడిద సిమెంటై, ఎవరి ఇంటి స్లాబులోనో చేరిపోయి ఉంటుంది. అలా తగ్గించిన బిల్లు ప్రతిదీ బొగ్గు కంపెనీ పద్దులో అమ్మకపు నష్టమే.

బూడిద సంగతి వచ్చింది కాబట్టి రైలు మాట కూడా. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే ఉంటుంది. 4,000 టన్నుల రేక్‌లో 1,500 టన్నుల దాకా కాలనిదాన్నే కిరాయి కట్టి మోస్తున్నాం. ఇప్పుడు మన దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గరికి వద్దాం. యాదాద్రి థర్మల్ కేంద్రం, ఐదు యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు, మొత్తం 4,000. 2015 జూన్‌లో శంకుస్థాపన, 2024 డిసెంబరులో మొదటగా ఒక యూనిట్ ప్రారంభం. మొదట అనుకున్న లెక్కలో సగం బొగ్గు విదేశాలది. రేవుకు దగ్గర, కృష్ణ నీళ్ళు దగ్గర అన్నది అప్పటి వాదన. తర్వాత మొత్తం దేశీ బొగ్గే అన్నారు. ఈ మార్పు మీదనే 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అధ్యయనం మళ్ళీ చేయమంది. అంటే ఒక రకం బొగ్గు కోసం ఎంచుకున్న చోటుకు ఇంకో రకం బొగ్గు తేవాలి.

లెక్క చూడండి. ఐదు యూనిట్లూ 85 శాతం సామర్థ్యంతో నడిస్తే రోజుకు 8 కోట్ల 16 లక్షల యూనిట్ల కరెంటు. యూనిట్‌కు సుమారు 600 గ్రాముల బొగ్గు పడుతుందనుకుంటే రోజుకు 49 వేల టన్నులు. అంటే 12 రేకులు. రెండు గంటలకొక రైలు, పండగ లేదు, వాన లేదు. గనుల నుంచి రైలు ఖమ్మం దాటి, మోటుమర్రి దగ్గర తిరిగి, జగ్గయ్యపేట, మేళ్ళచెర్వు మీదుగా విష్ణుపురం వైపు రావాలి. సూర్యాపేటకు రైలు లేదని మనం ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాం; బొగ్గుకు మాత్రం మన చుట్టూ దారి పడింది. (ఇది సరదాకి అన్నాను, రైల్వేలో ఉన్న మన బడి తమ్ముళ్ళు నొచ్చుకోవద్దు.)

టన్ను మీద రవాణా ఖర్చు 100 రూపాయలు పెరిగితే యూనిట్ మీద 6 పైసలు పెరిగినట్టు. 6 పైసలే కదా అనిపిస్తుంది. ఏడాదికి సుమారు 2,978 కోట్ల యూనిట్లతో గుణిస్తే 180 కోట్ల దరిదాపు. గని పక్కన కట్టిన కేంద్రానికీ మన కేంద్రానికీ టన్నుకు ఎన్ని వందలు తేడా ఉంటే అన్ని 180 కోట్లు, ప్రతి ఏడాదీ, ప్లాంటు ఉన్నన్నాళ్ళూ. ప్లాంటు వల్ల మన ప్రాంతానికి పనులు వచ్చాయి, సంతోషమే. కానీ ఆ 180 కోట్లు ఎక్కడో ఒకచోట పడాలి. కరెంటు బిల్లులో పడకపోతే జెన్‌కో పద్దులో పడతాయి. అక్కడ నిలవకపోతే సింగరేణికి రావలసిన బాకీలో పడతాయి.

మిర్యాలగూడ మిల్లర్లు ఈ విషయంలో మా ఇంజనీర్ల కంటే తెలివైనవాళ్ళు. ఉప్పుడు బియ్యానికి ఆవిరి కావాలి, ఆవిరికి పొయ్యి కావాలి. వాళ్ళ ఇంధనం వాళ్ళ మిల్లులోనే పుట్టే ఊక. రవాణా లేదు, గ్రేడు తగవు లేదు, డెమరేజ్ లేదు. బూడిద పారబోయడమే వాళ్ళ బాధ. అదే వాడపల్లి, మట్టంపల్లి, మేళ్ళచెర్వు సిమెంటు ఫ్యాక్టరీలు చూడండి. సున్నపురాయి కాళ్ళ కింద ఉంది, బొగ్గు దూరం నుంచి రావాలి. అందుకే వాళ్ళు వారం వారం లెక్క చూసుకుంటారు. సింగరేణి బొగ్గా, పెట్‌కోకా, దిగుమతి బొగ్గా, ఏది ఏ పూట చౌకయితే అది. సింగరేణి నుంచి వాళ్ళు కొనకపోయినా సింగరేణి అడగలేదు. కానీ వాళ్ళు డబ్బు ముందు కట్టి కొంటారు. కరెంటు కంపెనీ తప్పకుండా కొంటుంది, డబ్బు ఎప్పుడిస్తుందో తెలియదు. అమ్మేవాడికి ఈ ఇద్దరిలో ఎవరు మంచి బేరమో ఆలోచించండి.

బాకీల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాలి. రైతు బావి మోటారుకు కరెంటు ఉచితం. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది, 2018 జనవరి నుంచి తెలంగాణలో 24 గంటలు అయింది. మన నల్లగొండ నేలలో బోరు లేకుండా బతుకు లేదు, ఆ కరెంటు వద్దని నేననను. కానీ ఉచితమంటే దానికి ఖర్చు లేదని కాదు. ప్రభుత్వం డిస్కంకు సబ్సిడీ ఇవ్వాలి. అది పూర్తిగా రాకపోయినా, ఆలస్యంగా వచ్చినా డిస్కం జెన్‌కోకు ఆపుతుంది. జెన్‌కో సింగరేణికి ఆపుతుంది. సింగరేణి ఎవరికి ఆపాలి? కార్మికుడికి ఆపలేదు, డీజిల్‌కు ఆపలేదు. రాయల్టీ కట్టందే బొగ్గు కదలదు. జీఎస్టీ బిల్లు రాసినందుకు కట్టాలి, డబ్బు వచ్చినందుకు కాదు. ఇలా విద్యుత్ సంస్థల నుంచి సింగరేణికి రావలసింది వేల కోట్లకు చేరింది.

దీని ఖర్చెంత? టన్ను 4,000కు అమ్మి డబ్బు ఏడాది తర్వాత వస్తే, 9 శాతం వడ్డీ చొప్పున 360 రూపాయలు పోయినట్టు. రవాణాలో 100 రూపాయల కోసం మనం ఇంత కొట్టుకున్నాం. ఆలస్యం ఒక్కటే దానికి మూడున్నర రెట్లు. ఇది ఏ గని మేనేజరు చేతిలోనూ లేదు. బాయిలో దిగే మనిషి ఇంకో టన్ను ఎక్కువ తీసినా ఈ 360 తగ్గదు. పైగా ఇంకో టన్ను బాకీలోకి పోతుంది!

ఇప్పుడు దసరా వార్త దగ్గరికి. 2023-24లో సింగరేణి లాభం 4,701 కోట్లు అన్నారు. అందులో 2,289 కోట్లు విస్తరణకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, 796 కోట్లు కార్మికులకు వాటాగా ఇచ్చారు. మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకూ తలా 5,000 ఇచ్చారు. కార్మికుడికి ఆ వాటా న్యాయం. 1999 ప్రాంతంలో మొదలైన ఆ పద్ధతి దేశంలో ఇతర బొగ్గు కంపెనీలకు లేనిది. విస్తరణకు ఎంత, వాటాకు ఎంత అన్న దాని మీద సంఘాలు వాదించుకున్నాయి. నాకు ఆ వాదన కంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది: ఆ 4,701 కోట్లలో డబ్బుగా చేతికొచ్చింది ఎంత? లాభం బిల్లు రాసిన రోజు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆదాయపు పన్ను, డివిడెండ్, బోనస్ మాత్రం నగదుగా బయటికి పోతాయి. పుస్తకంలో లాభం ఉండి పెట్టెలో డబ్బు లేని ఇల్లు ఎలా ఉంటుందో, వడ్లు మిల్లరుకు పోసి చీటీ జేబులో పెట్టుకుని ఎరువుల కొట్టుకు అప్పుకు పోయిన రైతును అడిగితే చెబుతాడు.

ఇది మన ఒక్క రాష్ట్రం జబ్బు కాదు. దేశమంతా విద్యుత్ బోర్డులు కేంద్ర సంస్థలకు పడ్డ బాకీలను 2001లో అహ్లువాలియా కమిటీ సిఫారసుతో బాండ్లుగా మార్చారు. అది ఒక్కసారికే అన్నారు. తర్వాత ఎన్ని ఒక్కసారులయ్యాయో మీకు తెలుసు.

చివరిగా అండర్‌గ్రౌండ్ గనుల సంగతి. మన బడివాళ్ళ బంధువులు ఎవరైనా బాయిలో ఉంటే వాళ్ళకు నేరుగా తగిలే విషయం ఇదే. సింగరేణి బొగ్గులో తొంభై శాతానికి పైగా ఓపెన్‌కాస్ట్ నుంచే వస్తోంది. ఇరవైకి పైగా ఉన్న భూగర్భ గనుల్లో తీసే ప్రతి టన్నుకూ ఖర్చు అమ్మకపు ధర కంటే చాలా ఎక్కువ. కాబట్టి ఫలానా బాయి ఇంత నష్టంలో ఉంది, మూసేద్దాం అన్న మాట ఎప్పుడూ గాలిలో ఉంటుంది. లక్ష దాటిన కార్మికులు నలభై వేల దరిదాపుకు వచ్చింది ఈ దారిలోనే.

1984లో ఇంగ్లండులో ఇదే వాదన నడిచింది. కార్టన్‌వుడ్ అనే గని నష్టంలో ఉందని మూసివేత ప్రకటించారు. దాంతో మొదలైన సమ్మె ఏడాది నడిచింది. ఆ సమ్మె నడుస్తుండగానే 1985 జనవరిలో కొందరు అకౌంటింగ్ అధ్యాపకులు ఒక వ్యాసం రాశారు. ఒక్కో గని మీద వేసిన నష్టంలో, గని మూసినా ఆగని ఖర్చులు కూడా కలిశాయని అందులో చూపించారు. ఎప్పుడో తవ్విన చోట భూమి కుంగినందుకు పరిహారం, పై కార్యాలయాల ఖర్చు లాంటివి. గని మూస్తే అవి మాయం కావు, పక్క గని పద్దులోకి పోతాయి. అప్పుడు ఆ పక్క గని నష్టంలో కనపడుతుంది. బోర్డు వాళ్ళు ఆ వాదనను ఒప్పుకోలేదనుకోండి. బ్రిటన్‌లో చివరి లోతు గని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూతపడింది.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. బాయి మూస్తే కార్మికుణ్ణి ఇంటికి పంపరు, పక్క గనికో ఓసీపీకో బదిలీ చేస్తారు. అది మంచిదే. కానీ అప్పుడు ఆ బాయి నష్టంలో జీతాల భాగం ఆదా కానట్టే కదా. జీతాలే భూగర్భ గని ఖర్చులో పెద్ద వంతు. పైగా చాలా చోట్ల భూగర్భ బొగ్గు గ్రేడు మెరుగ్గా ఉంటుంది. దాన్ని ఓసీపీ బొగ్గులో కలిపి ఒప్పందం ప్రకారం గ్రేడు నిలబెట్టుకునే వీలుంటుంది. అది ఆగిపోతే గ్రేడు కోతల రూపంలో ఎంత పోతుందో బాయి లెక్కలో ఎక్కడా రాయరు. అన్ని బాయిలూ ఉంచాలని నేననడం లేదు. కొన్నిట్లో బొగ్గు అయిపోయింది, కొన్నిట్లో మనిషి ప్రాణానికి భద్రత లేదు, అవి మూయాల్సిందే. మూసే ముందు ఏ ఖర్చు నిజంగా ఆగుతుంది, ఏది పేరు మార్చుకుని పక్కకు పోతుంది అని రెండు వరసల్లో రాసి చూపించమని కార్మిక సంఘాలు అడగాలి. ఈ సభలో చార్టర్డ్ అకౌంటెంట్లు ముగ్గురున్నారని విన్నాను. వాళ్ళకు ఇది గంట పని.

కొత్తగా ఇంకో ఖర్చు కూడా వస్తోంది. 2021 డిసెంబరులో మూడు రోజులు సింగరేణి కార్మికులు సమ్మె చేసింది జీతాల కోసం కాదు, కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కళ్యాణఖని బ్లాకులను వేలంలో పెట్టినందుకు. వేలంలో బ్లాకు దక్కించుకున్నవాడు అమ్మకపు ఆదాయంలో ఇంత శాతం ప్రభుత్వానికి వాటా ఇస్తానని ఒప్పుకోవాలి. రాయల్టీ వేరే, ఇది వేరే. రేపు సింగరేణి పాట పాడి బ్లాకు తెచ్చుకున్నా ఆ శాతం టన్ను మీద పడుతుంది. పాడకపోతే కొత్త గని లేదు. ఒడిశాలో నైనీ బ్లాకు నుంచి 2025 ఏప్రిల్‌లో బొగ్గు మొదలైంది. అక్కడి బొగ్గు అక్కడే అమ్ముకుంటే ఒక లెక్క, ఇక్కడి దాకా మోసుకొస్తే ఇంకో లెక్క.

కార్యదర్శి అన్న ఇచ్చిన టైము దాటిపోయింది, గడియారం చూపిస్తున్నాడు. యాదాద్రి ప్లాంటులో బొగ్గు దించే చోటు, నమూనా తీసే చోటు మన బడి పదో తరగతి పిల్లలకు చూపించాలని ప్రధానోపాధ్యాయులు అడిగారు. అనుమతి దొరికితే నేను వెంట వస్తాను. లెక్కల సారు నా 2,978 కోట్ల యూనిట్లను కాగితం మీద సరిచూస్తున్నట్టున్నారు. భోజనాల దగ్గర దొరుకుతాను సార్.